చిన్న ఫాదర్ నీళ్ళ సీసా

గుడిలో పూజ చేసే గురువులకు ఉద్యోగమేమిటని మీరు నవ్వవచ్చు. కానీ పదవీ విరమణకు ముందు కొన్నేళ్ళు నాది అచ్చంగా ఉద్యోగమే. కొత్తగా గురుపట్టం పొంది విచారణల్లోకి వెళ్ళిన కుర్ర ఫాదర్ల దగ్గరికి వారం వారం వెళ్ళి, కూర్చుని, వాళ్ళు చెప్పింది విని, నాలుగు ధైర్యం మాటలు చెప్పి రావాలి. విచారణ అంటే ఒక గుడి, దాని కింద ఉండే కుటుంబాలన్నీ. పూజ ఎలా చెయ్యాలో గురువిద్యాలయంలో నేర్పుతారు. రెండు వీధులవాళ్ళు కొట్లాడుకుంటుంటే మనం కుర్చీ ఎక్కడ వేసుకోవాలో అక్కడ నేర్పరు. అది నేర్పమని బిషప్పుగారు నన్ను పెట్టారు.

కుర్ర ఫాదర్లు మాత్రం నన్ను బిషప్పుగారి గూఢచారి అనుకునేవారు. నా స్కూటర్ చప్పుడు వినపడితే టీవీ ఆగిపోయేది, ప్రార్థన పుస్తకం తెరుచుకునేది. టీ ఇచ్చి ఎండల గురించి మాట్లాడేవారు. నాకు కోపం వచ్చేది కాదు. నాదీ అనుమానపు బుద్ధే. కుర్రవాడు మరీ ఉషారుగా ఉంటే ఏదో దాస్తున్నాడనుకునేవాణ్ణి, దిగులుగా ఉంటే ఎవరో చెడగొడుతున్నారనుకునేవాణ్ణి. వాళ్ళు నన్ను అనుమానిస్తూ, నేను వాళ్ళను అనుమానిస్తూ, మధ్యలో టీ చల్లారిపోతూ ఉండేది. ఇప్పుడు కొత్తగా విచారణలకు వెళుతున్న మీకు ఏదైనా రాయమని అడిగారు కాబట్టి అలాంటి ఒక కుర్రవాడి సంగతి రాస్తున్నాను. పేర్లు ఎవరివీ రాయను.

తొంభైలు ముగిసిపోతున్న రోజులు. మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల భవనం లేచింది. దాని చుట్టూ రాళ్ళగుట్టలు పేల్చేవారు. ఆదివారం కూడా ఆగేవారు కాదు. ప్రసంగం మధ్యలో ఢామ్మని వినపడితే కిటికీలు అదిరేవి. బోరబండకూ మాదాపూర్‌కూ మధ్య మాకు ఒక రేకుల షెడ్డు గుడి ఉండేది. మొదట దాని కింద బోరబండ బస్తీవాళ్ళే ఉండేవారు. రాళ్ళు కొట్టేవాళ్ళు, దవాఖానలో ఆయాలు, ఆటో నడిపేవాళ్ళు. తర్వాత కొత్త కాలనీలు వచ్చాయి, వాటితోపాటు కోస్తా జిల్లాల నుంచి మన కుటుంబాలూ వచ్చాయి. గవర్నమెంటు ఉద్యోగులు, నర్సులు, కంప్యూటర్ కోర్సులు చదివే వాళ్ళ పిల్లలు. గుడిలో బస్తీవాళ్ళు ఎడమవైపు కూర్చునేవారు, కాలనీవాళ్ళు కుడివైపు. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు.

మామూలుగా కొత్త ఫాదర్‌ను కొన్నాళ్ళు పెద్ద ఫాదర్ కింద సహాయకుడిగా వేస్తారు. నగరం ఆ పక్కకు అంత తొందరగా పెరగడంతో గురువులు చాలక, అప్పుడే పట్టం కట్టించుకున్న ఒక కుర్రవాడికి ఈ విచారణను నేరుగా అప్పగించేశారు. బస్తీవాళ్ళు అతన్ని చిన్న ఫాదర్ అన్నారు, వెంట తిరిగే నన్ను పెద్ద ఫాదర్ అన్నారు.

చిన్న ఫాదర్ పని చూస్తే వంక పెట్టడానికి లేదు. ప్రసంగం పొట్టిగా ఉండేది, ముసలివాళ్ళ మంచాల దగ్గరికి అడగకుండానే వెళ్ళేవాడు, లెక్కలో పడని పిల్లల పేర్లు కూడా గుర్తుపెట్టుకునేవాడు. అందుకే నాకు అనుమానం వచ్చింది. కనిపెట్టగా కనిపెట్టగా ఒకటి దొరికింది. ఎవరింటికి వెళ్ళినా ప్రార్థన చేసి, తలమీద చెయ్యి పెట్టి, లేచి వచ్చేస్తాడు. టీ తాగడు, భోజనం చెయ్యడు, మంచినీళ్ళు కూడా ముట్టడు. భుజానికి ఒక నీళ్ళ సీసా తగిలించుకుని తిరుగుతాడు. దాహమేస్తే గుమ్మం దాటి, స్కూటర్ దగ్గర నిలబడి అందులోంచి తాగుతాడు.

మన విచారణల్లో ఫాదర్ ఎవరింట్లో తింటాడన్నది చిన్న విషయం కాదని మీకు త్వరలోనే తెలుస్తుంది. ఒక ఇంట్లో తింటే నాలుగిళ్ళు అలుగుతాయి. అందుకే నేను కుర్రవాళ్ళకు ఎప్పుడూ చెప్పేవాణ్ణి, తింటే అందరిళ్ళలో తినండి, లేకపోతే ఎవరింట్లోనూ తినకండి అని. ఇతను నా మాట అక్షరాలా పాటిస్తున్నాడని మొదట సంబరపడ్డాను. సంబరం ఎంతోకాలం నిలవలేదు.

బస్తీలో జపమాల చెప్పించే ఆయమ్మ ఒకావిడ ఉండేది. పెద్ద దవాఖానలో ఆయాగా చేసేది. బస్తీ మొత్తానికీ ఆమె మాటే మాట. ఒకనాడు ఆమె నా స్కూటర్‌కు అడ్డంగా నిలబడింది.

"పెద్ద ఫాదర్, ఒక్క మాట అడుగుత, కోపం చెయ్యొద్దు. గా సీసాల ఏముంది?"

"నీళ్ళే కదమ్మా."

"మా బిందెల ఉన్నయి ఏంది మరి? మేం గలీజోళ్ళమా? నా కోడలు చాయ్ పెట్టి ఇస్తే 'వద్దమ్మా' అని లేసిండు. బయటికి పోయి గా సీసా ఎత్తి తాగిండు. వాడకట్టు మొత్తం చూసింది."

"అతనికి అలవాటు లేదేమో."

"ప్రసాదం మా నాలిక మీద పెడ్తడు గద. గప్పుడు మా నోరు మంచిదే. మా గ్లాసే మంచిది కాదు." ఆమె గొంతు పెంచలేదు. "జర చెప్పున్రి ఆయనకు. ఏ కులపాయన గాని, మా దగ్గర గిట్ల నడవదు."

ఆమె అనుమానమే నాదీ. కుర్రవాడి ఇంటిపేరు మా కోస్తాలో భూములున్న ఇళ్ళలో వినపడే ఇంటిపేరు. మాట శుభ్రం, బట్టలు శుభ్రం, నడక కూడా ఎవరికీ తగలకుండా నడిచినట్టుండేది. వీటికి ఆ సీసాను కలిపి నేను లెక్క తేల్చేశాను. కులం గుమ్మం బయట వదిలి గుడిలోకి వచ్చామని చెప్పుకునే మనలో కూడా దాన్ని జేబులో పెట్టుకుని తిరిగేవాళ్ళున్నారు, వీడొకడు అనుకున్నాను.

ఇక కాలనీ వైపు. అక్కడ పెద్ద మనిషి ఒక రిటైర్డు ఇంజనీరుగారు, విచారణ సంఘానికి అధ్యక్షుడు. ప్రతి గురువారం మధ్యాహ్నం నా భోజనం ఆ ఇంట్లోనే. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన ఏ ఊరు, ఇంటిపేరేమిటి, ఎవరి తాలూకు అని అడిగారు. నేను చెప్పిన జవాబులకు భార్యాభర్తల ముఖాలు విప్పారాయి. దూరపు చుట్టరికం కూడా ఒకటి దొరికింది. అప్పటినుంచి నాకు పింగాణీ కంచం, పూల గీతలున్న గాజు గ్లాసు. ఆ గ్లాసుల సెట్టు ముందుగదిలో షోకేసులో ఉండేది. ఆ ఇంట్లో అన్నీ కొత్త తరహా వస్తువులే. వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు కూడా నేను మొదట చూసింది అక్కడే.

ఆయన దగ్గరా అదే ఫిర్యాదు, కాస్త మర్యాదగా. "కుర్రవారికి ఇంకా కలుపుగోలుతనం రాలేదండీ. మొదట్లో మీతోపాటు రెండుసార్లు భోజనానికి వచ్చారు. తర్వాత పిలిచినా రారు. జనం ఏవేవో అనుకుంటున్నారు. బిషప్పుగారితో చెప్పి కాస్త అనుభవమున్న వారినెవరినైనా వేయిస్తే అందరికీ మంచిదండీ."

ఆయన భార్య పెరుగు తెస్తానని లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. నేను అది గమనించాను. గమనించి, పెరుగు తోడుకోలేదు కాబోలని అనుకున్నాను.

సంగతి బిషప్పుగారి చెవిన పడింది. ఆయన నన్ను పిలిపించారు. "మే నెల చివర మరియమాత ఊరేగింపు ఉంది కదా, అప్పటిదాకా చూడు. తర్వాత నువ్వు ఉంచమంటే ఉంచుతాను, తీసెయ్యమంటే తీసేస్తాను" అన్నారు. మొదటి విచారణ నుంచే తీసేసిన ఫాదర్‌కు రెండో విచారణ దొరకడం కష్టం. ఏ ఆఫీసు గదిలోనో కూర్చోబెడతారు, ముసలివాడయ్యేదాకా అక్కడే ఉంటాడు. అలాంటివాళ్ళను నేను చూశాను. ఒక కుర్రవాడి బతుకు నా నాలుక చివర పెట్టి పంపించారు.

ఊరేగింపు సంగతి కూడా చెప్పాలి. మాత పల్లకిని బస్తీవాళ్ళు మోస్తారు. అది బస్తీలో మొదలై కాలనీ చుట్టి గుడికి వస్తుంది. దారిలో పల్లకి ఆగిన ప్రతి గుమ్మంలోనూ మజ్జిగ ఇస్తారు. ఫాదర్ ముందు ఒక గుక్క తాగాలి, ఆ తర్వాతే మోసేవాళ్ళు తాగుతారు. ఫాదర్ తాగకపోతే వాళ్ళెవరూ తాగరు. ఆ ఆచారం ఎవరు పెట్టారో తెలియదు గానీ, మే నెల ఎండలో అది తప్పితే పల్లకి కదలదు. మొదటి గుమ్మం ఎప్పుడూ ఆయమ్మదే. చిన్న ఫాదర్ తన గుమ్మంలో తాగకపోతే పల్లకి అక్కడే దింపేస్తామని ఆమె ముందే కబురు పంపింది.

ఊరేగింపు ముందురోజు మధ్యాహ్నం నేను చిన్న ఫాదర్ గదికి వెళ్ళాను. ఈసారి ఎండల గురించి మాట్లాడనివ్వలేదు.

"ఏమయ్యా, నీ సంగతేమిటి? బస్తీవాళ్ళ చేతి నీళ్ళు తాగితే నీకేమవుతుంది?"

"ఏమీ కాదండీ."

"మరి ఆ సీసా ఎందుకు? మీ ఇంట్లో అలాగే పెంచారా? మీవాళ్ళు పెద్ద ఇల్లు కాబోలు, అది నాకనవసరం. గురువుగా ఉండాలంటే అది కుదరదు."

అతను నావైపు వింతగా చూశాడు. నవ్వబోయి ఆపుకున్నట్టు అనిపించింది.

"మాది పెద్ద ఇల్లని ఎవరు చెప్పారండీ?"

"ఎవరూ చెప్పలేదు. నీ ఇంటిపేరు..."

"ఆ ఇంటిపేరు ఊళ్ళోనూ ఉందండీ, పేటలోనూ ఉంది. మాది పేట." పేట అంటే ఊరికి అవతల విసిరేసినట్టుండే గుడిసెల వరస. ఎవరుంటారో, ఎందుకు అవతల ఉంటారో కోస్తావాళ్ళకు విడమరచి చెప్పనక్కర్లేదు. "మా నాన్న చెప్పులు కుట్టేవాడండీ. మీరు అడగలేదు, నేను చెప్పలేదు."

అతనే చెప్పాడు.

"ఇంజనీరుగారింట్లో మొదటిసారి భోజనం చేసినప్పుడు మీరు ముందుగదిలో కునుకు తీస్తున్నారు. ఆయన నన్ను ఏ ఊరని అడిగారు. చెప్పాను. ఊళ్ళోనా, పేటలోనా అన్నారు. పేటలో అన్నాను. ఇంకేమీ అనలేదండీ, చాలా మర్యాదగా సాగనంపారు. రెండోసారి వెళ్ళినప్పుడు నాకు కాగితం ప్లేటు, ప్లాస్టిక్ గ్లాసు పెట్టారు. ఇప్పుడంతా ఇవేనండీ, శుభ్రం, కడిగే పని లేదు అన్నారు. మీకు పింగాణీ కంచం పెట్టారు. మీరు నా పక్కనే కూర్చున్నారు ఫాదర్‌గారూ."

అవును, కూర్చున్నాను. ఆ రోజు కూర బాగుందని రెండోసారి వడ్డించుకోవడం కూడా గుర్తొచ్చింది. గాలి వీస్తే ఎవరు పంపారని అడిగే నాకు, మోచెయ్యి తగిలేంత దూరంలో ఉన్న కాగితం ప్లేటు మీద అనుమానం రాలేదు. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు మీద కోపం కూడా వచ్చింది.

"మరి ఆ ఒక్క ఇంటికి వెళ్ళడం మానెయ్యాల్సింది. బస్తీవాళ్ళేం చేశారు?"

"ఆ ఒక్క ఇల్లే మానేస్తే ఎందుకని అందరూ అడుగుతారు కదండీ. ఎందుకో తెలిస్తే ఎడమవైపువాళ్ళు ఒక గుడి, కుడివైపువాళ్ళు ఒక గుడి అవుతారు. నేను వచ్చిన మొదటి ఏడాదే విచారణ రెండుగా చీలిందంటే నేనేం గురువునండీ? మీరు చెప్పిందే పట్టుకున్నాను. అందరిళ్ళలో తిను, లేకపోతే ఎవరింట్లోనూ తినకు. అందరిళ్ళలో తినలేను, అందుకని ఎవరింట్లోనూ తినలేదు. దాహానికి సీసా తెచ్చుకున్నాను."

"నిన్ను పెద్దకులంవాడివని తిట్టుకుంటున్నారు, తెలుసా?"

"తెలుసండీ. మా అమ్మ వింటే నవ్వుతుంది." అతను మాత్రం నవ్వలేదు.

రేపేం చేస్తావని అడిగాను. తెలియదన్నాడు. ఏం చెయ్యాలో చెప్పడానికి జీతమిచ్చి పెట్టిన నాకూ తెలియలేదు. ఇంజనీరుగారిని నిలదీస్తానన్నాను. వద్దన్నాడు. ఈ మాట ఇంకెవరి దగ్గరా అననని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు నిలబెట్టుకుంటూనే పేర్లు లేకుండా ఇప్పుడు రాస్తున్నాను. ఆ భార్యాభర్తలిద్దరూ ఇప్పుడు లేరు.

మర్నాడు ఎండ దిగకముందే పల్లకి ఎత్తారు. మాత మెడలో మల్లెదండలు అప్పుడే వాడిపోతున్నాయి. ఆయమ్మ గుమ్మం ముందు పల్లకి ఆగింది. పాట ఆగింది. ఆమె రెండు చేతులతో స్టీలు గ్లాసు పట్టుకుని నిలబడింది. చుట్టూ జనం చిన్న ఫాదర్ భుజానికున్న సీసాను చూస్తున్నారు. ఈరోజైనా దాన్ని గదిలో వదిలి రాకూడదా అని నేను లోపల్లోపల తిట్టుకుంటున్నాను. పల్లకి వెనకాల గొడుగు వేసుకుని ఇంజనీరుగారు నిలబడ్డారు.

చిన్న ఫాదర్ ముందు ఆ గ్లాసును, తర్వాత కాలనీ వైపు దారిని చూశాడు. ఆ గ్లాసు తాగితే ఇక ప్రతి గుమ్మంలోనూ తాగాలి, ఆ ఒక్క గుమ్మంలో కూడా. అక్కడ తన చేతికి ఏది వస్తుందో, బస్తీ అంతా అది చూస్తే ఏమవుతుందో అతనికీ నాకూ మాత్రమే తెలుసు. అందరూ ఒకందుకు భయపడుతుంటే మేమిద్దరం ఇంకొకందుకు భయపడుతున్నాం.

అతను గ్లాసు అందుకుని ఒక్క గుక్క కాదు, ఖాళీ అయ్యేదాకా తాగాడు. "ఇంకొంచెం ఉందా అమ్మా?" అని అడిగాడు.

ఆయమ్మ కళ్ళు తుడుచుకోలేదు గానీ తుడుచుకోవాల్సినంత తడి వచ్చింది. గ్లాసు నింపి ఇచ్చి, అతని భుజం మీది సీసా తీసి తన భుజానికి తగిలించుకుంది. "ఇగ ఇది నా తానుంటది. దూపైతే మా ఇంటికి రా" అంది. జనం నవ్వారు, మోసేవాళ్ళు తాగారు, పల్లకి లేచింది. నేను మాత్రం నవ్వలేకపోయాను. కాలనీ ఇంకా ముందుంది.

ఇంజనీరుగారు అడ్డదారిన ముందే ఇల్లు చేరి గేటు దగ్గర చేతులు జోడించి నిలబడ్డారు. బల్ల మీద పెద్ద గిన్నె నిండా కరివేపాకు వేసిన మజ్జిగ, పక్కన దొంతరగా ప్లాస్టిక్ గ్లాసులు, ఒక్కటంటే ఒక్కటి పూల గీతల గాజు గ్లాసు. అది ఎవరికోసమో నాకు తెలుసు, చిన్న ఫాదర్‌కూ తెలుసు. అతను దాన్ని చూసి తల దించుకున్నాడు.

బల్ల వెనక ఆ ఇంటావిడ గరిటె పట్టుకుని ఉంది. ఆమె ముందు ప్లాస్టిక్ గ్లాసు మీదికి చెయ్యి పోనిచ్చింది. అప్పుడు తలెత్తి చూసింది. చిన్న ఫాదర్ పక్కన ఆయమ్మ నిలబడి ఉంది, భుజాన ఆ సీసా వేసుకుని. ఆ సీసాను ఆవిడ ఎంతసేపు చూసిందో చెప్పలేను. చెయ్యి వెనక్కి తీసింది. గాజు గ్లాసు తీసుకుని నింపి, రెండు చేతులతో చిన్న ఫాదర్‌కు ఇచ్చింది.

"ఏమోయ్," అన్నారు ఇంజనీరుగారు మెల్లగా. ఆవిడ వినిపించుకోలేదు. లోపలికి వెళ్ళి షోకేసులోంచి గాజు గ్లాసులు తెచ్చి ఆయమ్మకూ పల్లకి మోసినవాళ్ళకూ నింపి ఇచ్చింది. ఆయమ్మ గ్లాసు తిప్పి చూసి, "పూలు మంచిగున్నయమ్మా" అంది. ఆమెకు ఇందులో మర్మమేమీ తెలియదు, ఎప్పటికీ తెలియలేదు.

చివరికి నా వంతు వచ్చింది. ఆవిడ దొంతరలోంచి ఒక ప్లాస్టిక్ గ్లాసు తీసి, మజ్జిగ పోసి నా ముందు పెట్టింది. తెరిచిన తలుపులోంచి ముందుగది కనపడుతోంది. షోకేసులో ఇంకా ఒక గాజు గ్లాసు ఉంది. నేను దాన్ని చూడడం ఆవిడ చూసింది.

"తీసుకోండి ఫాదర్‌గారూ. మజ్జిగ అదేనండీ."

తీసుకున్నాను. చేతిలో బరువే లేదు, కాస్త గట్టిగా పట్టుకుంటే నొక్కుకుపోయింది. తాగి, దాన్ని ఎక్కడ పడెయ్యాలో తెలియక, గుడిదాకా చేతిలోనే పెట్టుకుని నడిచాను.

ఆవిడ అలా ఎందుకు చేసిందని అప్పటినుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను. కాగితం ప్లేటు ఆలోచన ఆయనదా, ఆవిడదా? పెరుగు కోసం లోపలికి వెళ్ళి అంతసేపు నిలబడింది సిగ్గుతోనా? లేక పక్కన కూర్చుని ఏమీ అనని నా మీద కోపమా? అడగలేదు. నాలాంటివాడు అడిగితే ఎవరు నిజం చెబుతారు?

బిషప్పుగారు ఏం చెయ్యమంటావని అడిగారు. ఉండనివ్వండి అన్నాను. గొడవ దేని గురించని అడిగారు. నీళ్ళ గురించి అన్నాను. మే నెలలో బోరబండలో నీళ్ళ గొడవ మామూలే కదా అన్నారు, నేనూ అవునన్నాను. చిన్న ఫాదర్ ఆ విచారణలో చాలాకాలం ఉన్నాడు. రేకుల షెడ్డు పోయి గుడి లేచింది అతని హయాంలోనే.

మీకు చెప్పదగిన నీతి ఏమైనా ఉందేమోనని వెతికాను. కుర్రవాళ్ళను నిలబెట్టడానికి వెళ్ళినవాణ్ణి, నేను అక్కడ నిలబెట్టిందేమీ లేదు. నాకు మిగిలింది ఒక అలవాటు మాత్రమే. ఇప్పుడు నేనుంటున్న ఈ వృద్ధ గురువుల ఆశ్రమంలో అందరికీ ఒకేరకం స్టీలు కంచాలు, ఒకే దుకాణంలో కొన్నవి. అయినా గంట కొట్టి అన్నానికి పిలవగానే, కూర్చుని, నా కంచం కంటే ముందు పక్కవాడి కంచం చూస్తాను.